మొదటి సవారీ

మేస్త్రి అబద్ధం ఆడుతున్నాడని అతని బొటనవేలు చూడగానే నత్తకి తెలిసిపోయింది.

లాకప్పు పక్క గదిలో బల్లకి అటు మేస్త్రి, ఇటు నత్త. ఇన్‌స్పెక్టరు కుర్చీ తిరగేసి కూర్చుని అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. నత్త అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. బీమా కంపెనీలో ప్రమాదం జరిగిన బళ్లు చూసే పనిలో ఉన్నప్పుడు, ఒక్కో బండి దగ్గర పూటంతా కూలబడేవాడని తోటివాళ్లు పెట్టిన పేరది. ఉద్యోగం పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే వెళ్లి సొంతంగా ఇలాంటివి తవ్వుతుంటాడు. ఈసారి పిలిచింది మేస్త్రి కూతురు.

జరిగింది ఇంతే. మోటారుసైకిలు పందేలకి వెళ్లే రైడరు ఒకడు, బండి మలుపుల్లో మొండికేస్తోంది, ముందు భాగం దించమని మేస్త్రి షెడ్డులో ఇచ్చాడు. పని అయిందని కబురు వెళ్లిన మర్నాడు పొద్దున్నే వచ్చి బండి తీసుకుపోయాడు. వంతెన దిగాక ఉన్న గతుకులో బ్రేకు గట్టిగా పట్టాడు. ముందు చక్రం కొయ్యబారిపోయింది. మనిషి బండి మీంచి లేచి గోడకి కొట్టుకుని అక్కడికక్కడే పోయాడు.

మేస్త్రి నేరం తలకెత్తుకున్నాడు. ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే ఫోర్కు రాడ్లు తనే పైకి లాగానన్నాడు, ఎక్కువ లాగానన్నాడు, బోల్టులు సరిగా బిగించడం మరిచానన్నాడు. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు అదే చెప్పి సంతకం పెడతానన్నాడు. పెడితే మళ్లీ ఎప్పుడు బయటికొస్తాడో చెప్పలేం.

కుడి బొటనవేలికి కట్టు ఉంది. కొత్త కట్టు కాదు. అంచులు గ్రీజు పట్టి, ఎండి, అట్టకట్టుకుపోయాయి. నత్త సంచిలోంచి మూత ఊడదీయని నీళ్ల సీసా తీసి బల్లమీద ముందుకి తోశాడు. మేస్త్రి అలవాటుగా అందుకున్నాడు. మూత తిప్పబోయాడు. సీసాని గుండెకి ఆనించుకుని ఎడమచేత్తో ప్రయత్నించాడు. నత్త చూస్తున్నాడని కనిపెట్టి, దాహం లేదని పక్కన పెట్టేశాడు.

రాడ్లు ఎంత పైకి లాగావని అడిగాడు నత్త. రెండు వేళ్లంత, అన్నాడు మేస్త్రి తల ఎత్తకుండా.

"విన్నారుగా పెద్దాయనా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నేనూ కొలిచాను. రెండు వేళ్లే. ఇక మీరు ఇంటికెళ్లి మనవల్ని ఆడించుకోండి."

మనవలు లేరన్నాడు నత్త. మనసులో మాత్రం ఒకటి అనుకున్నాడు. జుట్టు నెరిసేదాకా ఇదే పనిలో ఉన్నవాడు ఫోర్కుని రెండు వేళ్లు లాగడు. ఆ కొలత ఇన్‌స్పెక్టరు నోటినుంచి విని అప్పజెబుతున్నాడు. సీసా మూత తిప్పలేని చెయ్యి ఆ రాడ్లని పట్టి ఉంచే క్లాంపు బోల్టులు బిగించలేదు. మరి బిగించింది ఎవరు? ఎవరికోసం ఈ మనిషి ఉరితాడు మెడకి తనే కొలుచుకుంటున్నాడు?

జవాబు షెడ్డులో దొరికింది. అడక్కుండానే.

మేస్త్రి కూతురు స్టాండు మీదున్న బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చావు కబురు పాకగానే మిగతా బళ్లన్నీ ఎవరివి వాళ్లు తోసుకుపోయారట. ఈ ఒక్కటే మిగిలింది. దానిదీ ఫోర్కు పనే. చేతిలో పని ఆపకుండానే చెప్పింది, నాన్న చేసింది కాదు, చేసింది నేను అని. నాన్న వేలు విరిగినప్పటినుంచీ పని అంతా తనదేనట. పోలీసులు వచ్చినప్పుడు తను నోరు తెరవబోతే నాన్న కళ్లతోనే నొక్కేశాడట.

నత్త చక్రాల పీట లాక్కుని కూర్చున్నాడు. తనకేమీ తెలియదనుకుని మొదటినుంచీ చెప్పమన్నాడు. తెలిసినవాడికి చెప్పేటప్పుడు మనిషి కొన్ని దాటేస్తాడు. తెలియనివాడికి చెప్పేటప్పుడే అన్నీ బయటికొస్తాయి.

ఆమె లేచి, ఆయన్ని లేవమని, ఆ పీటనే కాలితో ముందుకి తోసింది. కింది బుల్లి చక్రాలన్నీ గిర్రున తిరిగి, ఒక్కొక్కటీ తనని పీటకి పట్టి ఉంచిన పిడికి వెనకాల పడి, పీట తిన్నగా పోయింది.

"చూశారా బాబాయ్‌గారూ, చక్రం వెనక్కి పడుతోంది. అందుకే తిన్నగా పోతోంది. బండి ముందు చక్రమూ అంతే. ఎంత వెనక్కి పడితే అంత నిలకడ. ఎంత తగ్గిస్తే అంత చురుకు. మరీ తగ్గిస్తే పిచ్చెక్కుతుంది, హ్యాండిలు అటూ ఇటూ కొట్టుకుంటుంది."

రాడ్లు క్లాంపుల్లోంచి పైకి జరిపితే బండి ముక్కు దిగుతుంది, ఆ వెనకబాటు తగ్గుతుంది. రైడరు చాలా దించమన్నాడు. తను ఒప్పుకోలేదు. వేలిగోరు మందం దించింది, అంతే. నడిపి చూడు, చాలకపోతే ఇంకో గోరు మందం చూద్దాం అంది. రెండు వైపులా స్కేలు పెట్టి సమానం చేసింది. అంతకుముందే స్ప్రింగులు తీసేసి, ఫోర్కుని అడుగంటా నొక్కి, మడ్‌గార్డుకీ కింది క్లాంపుకీ మధ్య వేలు దూరుతుందో లేదో చూసింది. దూరింది. హ్యాండిలు ఈ కొసనుంచి ఆ కొసకి తిప్పి కేబుళ్లు లాగట్లేదని చూసింది. కింది క్లాంపు ముందు బిగించింది, పైది తర్వాత.

"ఆఖర్న?"

"ఆఖర్న తెల్లరంగు పెన్నుతో గీత గీస్తాం. కింది క్లాంపు అడుగు అంచు దగ్గర, సగం క్లాంపు మీద, సగం రాడ్డు మీద పడేలా. రాడ్డు జరిగితే గీత తెగుతుంది."

గీశావా అని అడిగాడు. ఆమె చేతిలో పానా ఆగింది. గీశాననే అనుకుందట. ఇన్‌స్పెక్టరు తీసుకెళ్లి బండి చూపించాడు. గీత లేదు. క్లాంపు మీద లేదు, రాడ్డు మీద లేదు. అప్పట్నుంచీ కళ్లు మూస్తే గీసినట్టే ఉంటోంది, తెరిస్తే గీయనట్టే ఉంటోంది.

"ఆ రైడరు వాళ్లమ్మ మొహం చూడలేకపోయాను. గీత మరిచినదాన్ని, బోల్టు మరిచి ఉండనా? నాన్నకి నామీద ఆ అనుమానమే. పైకి అనడు."

అప్పుడే పెయింటరు రెండు గ్లాసుల టీ పట్టుకుని వచ్చాడు. మేస్త్రి బావమరిది అతను, ఈ పిల్లకి మేనమామ. షెడ్డు వెనక మూల రంగులూ వెల్డింగూ అతనివి. నత్త చేతికి గ్లాసిస్తూ, పిల్లని ఏమీ అనకండి, నాన్న వేలు విరిగాక నిద్రాహారాలు లేకుండా చాకిరీ చేస్తోంది, మనిషన్నాక మరుపు రాదా అన్నాడు. ఆ మాట వెన్నలా ఉంది. కానీ అడగని సాక్ష్యం అది. మేనకోడలు తప్పు చేసిందని ఇంకా ఎవరూ అనకముందే క్షమించేస్తున్నాడు. నత్తకి టీ చేదుగా తగిలింది.

తాళాలు ఎవరెవరి దగ్గరుంటాయని అడిగాడు. ముగ్గురి దగ్గరా ఉంటాయన్నాడు పెయింటరు, దాపరికం లేకుండా. ఆ రోజు పని అయ్యాక పిల్ల ఇంటికెళ్లిందా? వెళ్లింది. మేస్త్రి? మందులకని ముందే వెళ్లాడు. మరి నువ్వు? కాసేపు ఉండి తాళం వేశానన్నాడు. చనిపోయిన రైడరుతో నీకేమైనా మాటా మాటా పెరిగిందా అంటే నవ్వాడు. అతని మొహం సరిగా చూసింది కూడా ఆ పొద్దుటేనట.

మాట్లాడుతున్నంతసేపూ పెయింటరు ఒకేచోట నిలబడ్డాడు. అతని వెనక టార్పాలిన్ కప్పిన సామానేదో ఉంది. నత్త అటు ఒరిగితే అతనూ అటు ఒరిగాడు. అది చూసి పిల్ల చూపు తిప్పుకుంది.

గేటు దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు, ఆ టార్పాలిన్ కింద ఏముందని నెమ్మదిగా అడిగాడు నత్త. చెప్పనా వద్దా అని ఆమె కాస్త తటపటాయించింది. నెంబరు గీకేసిన ఫ్రేము ఉందట. దొంగబండిది. మావయ్య ఎవరికోసమో కొత్త నెంబరు కొడుతున్నాడు. ఇది మొదటిది కాదని ఆమె అనుమానం. వారం తిరిగేలోగా బయట పారేయకపోతే నేనే స్టేషనుకెళ్తానని మొహం మీదే చెప్పేసిందట. నాన్నకి ఇంకా తెలియదు. దానికీ దీనికీ సంబంధం లేదు, వదిలేయండి, అమ్మ ఒక్కగానొక్క తమ్ముడు అంది.

నత్త ఆ ముక్కని లోపల ఒక మూల పెట్టుకున్నాడు. దొంగసొత్తు దాచినవాడికి చెయ్యి తిరిగే ఉంటుంది. అయితే రైడరుని ఎందుకు చంపుతాడు? మొహం కూడా ఎరగని మనిషిని? అక్కడ లెక్క తేలలేదు.

పోలీసు షెడ్డులో బండి గోడకి ఆనించి ఉంది. ముందు చక్రం వంకర. నత్త పానా తీయగానే ఇన్‌స్పెక్టరు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఎవరిని అడిగి ముట్టుకుంటున్నావన్నాడు. ఎవరినీ అడగలేదు, మీరు వస్తారని తెలుసు, మీరుండగానే విప్పుదామని ఆగాను అన్నాడు నత్త. ఆ జవాబుకి తిట్టాలో మెచ్చుకోవాలో ఇన్‌స్పెక్టరుకి తోచలేదు.

"విప్పుకోండి. విప్పితే నా కేసే గట్టిపడుతుంది. బోల్టులు వదులు. గుద్దుకున్నప్పుడు రాడ్లు పైకి జారాయి. అంతే కథ."

"బోల్టులు మీరు తిప్పి చూశారా?"

"చూడక్కర్లేదు. రాడ్లు జారాయంటే వదులుగా ఉన్నట్టేగా."

నత్త పానాని క్లాంపు బోల్టుకి తగిలించి ఆయన చేతికిచ్చాడు. ఇన్‌స్పెక్టరు చులకనగా ఒక చేత్తో లాగాడు. కదల్లేదు. రెండు చేతులా పట్టాడు. మెడ నరాలు పొంగాయి, మొహం జేవురించింది, బోల్టు మాత్రం అత్తారింటికొచ్చిన అల్లుడిలా కూర్చునే ఉంది. కానిస్టేబులు నవ్వు ఆపుకోడానికి కిటికీవైపు తిరిగాడు. చివరికి నత్తే పానాకి ఇనుప గొట్టం తొడిగి బరువంతా వేస్తే కిర్రుమంది.

ఇంత బిగువులో రాడ్డు జారదన్నాడు నత్త. పోనీ ఒకటి జారిందనుకున్నా రెండూ సరిసమానంగా జారవు. స్కేలు పెట్టి చూపించాడు. రెండూ ఒక్కటే. గుద్దుకోవడం కొలత పెట్టుకుని గుద్దుకోదు కదా. మడ్‌గార్డు లోపలివైపు నల్లగా అంటుకున్న టైరు రబ్బరు చూపించాడు. మడ్‌గార్డు నెత్తిన అర్ధచంద్రం లాంటి సొట్ట చూపించాడు. రాడ్లు అంత పైకి లాగితే మామూలుగా తోలినంతసేపూ ఏమీ తెలియదు. గతుకులో బ్రేకు గట్టిగా పడితే మాత్రం ఫోర్కు అడుగంటుతుంది. మడ్‌గార్డు క్లాంపుకి తగిలి నలిగి చక్రాన్ని కరుస్తుంది. మనిషి గోడకి కొట్టుకోకముందే చక్రం ఆగిపోయింది.

"అదే నేనంటున్నది. ఎక్కువ లాగారు. మేస్త్రో, ఆ పిల్లో. ఎవరైతేనేం?"

నత్త మళ్లీ పానా అందుకున్నాడు. నాలుగు బోల్టులూ వదులు చేసి, రాడ్డుని మెల్లిగా కిందికి దించాడు. క్లాంపు కడుపులోంచి ఇనుము వేలి వెడల్పున బయటికొచ్చింది. ఇంకొంచెం వచ్చింది. దాంతోపాటు చిన్న తెల్లగీత వచ్చింది. సగం గీత. రెండో రాడ్డు దించాడు. అక్కడా అంతే.

ఇన్‌స్పెక్టరు వంగి ఆ గీతని దగ్గరగా చూశాడు.

నత్త క్లాంపు అంచుని గోటితో తడిమాడు. గీత రెండో సగం ఉండాల్సినచోట నల్లరంగు మెరుపు పోయి, జిగటగా ఉంది. రంగుల పనిలో వాడే థిన్నరు గుడ్డతో రుద్దితే అలా అవుతుంది. పని చేసినవాడు పైకి కనపడే సగాన్ని తుడిచాడు. రాడ్డు మీది సగం క్లాంపులోకి దూరిపోయిందిగదా అని ధీమాగా వదిలేశాడు.

ఇన్‌స్పెక్టరు ఊరికే ఓడేవాడు కాదు. ఆ పిల్లే ముందు గీసి ఉంటుంది, రైడరు బతిమాలితే మళ్లీ ఎక్కువ లాగి ఉంటుంది అన్నాడు.

"మనసు మార్చుకున్నవాళ్లు కొత్త గీత గీస్తారు ఇన్‌స్పెక్టరుగారూ. పాత గీత తుడిచి ఊరుకోరు."

అయితే రైడరుని ఎవరో కావాలని చంపారంటారా, ఎవరు, ఎందుకు అని ఇన్‌స్పెక్టరు గుచ్చాడు. ఎవరన్నదానికి నత్త దగ్గర ఒక పేరుంది. ఎందుకన్నదానికే లేదు. ఎందుకు లేకుండా ఎవరు అంటే కోర్టులో నవ్వుతారు. అందుకని ఆ పేరు లోపలే ఉంచుకున్నాడు.

వాళ్లు లాకప్పు పక్క గదికి తిరిగి వచ్చేసరికి మేస్త్రిని బల్ల దగ్గరికి తీసుకొచ్చారు. వాంగ్మూలం కాగితం ముందుంది, పెన్ను ఎడమచేతిలో ఉంది. నత్త ఎదురుగా కూర్చుని, పిల్ల గీసిన గీత దొరికిందన్నాడు. ఎక్కడ దొరికిందో చెప్పాడు. బోల్టులు ఎంత బిగువుగా ఉన్నాయో, అది ఇన్‌స్పెక్టరుగారికే బాగా తెలుసన్నాడు.

మేస్త్రి తల ఎత్తాడు.

"లోపలుందా గీత? రెండు వైపులా?"

"రెండు వైపులా. అసలు గీతకీ క్లాంపు అంచుకీ మధ్య వేలికన్నా ఎక్కువే ఎడం ఉంది. ఆమె బిగించిన తర్వాత ఇంకెవరో లాగారు."

మేస్త్రి పెన్ను పక్కన పెట్టాడు. నా బిడ్డ చెయ్యి తప్పిందేమో అనుకున్నాను అన్నాడు. దాన్ని అడగడానికి కూడా ధైర్యం చాల్లేదు, అడిగితే అవునంటుందేమోనని. అందుకే తన మీద వేసుకున్నాడట.

చేతికందిన కేసు జారిపోతుంటే ఇన్‌స్పెక్టరుకి ఒళ్లు మండింది. మీ తండ్రీకూతుళ్ల కంటే ఆ పెయింటరు నయం అన్నాడు. ఆ పొద్దున రైడరు వచ్చి బండి తీయబోతే పెయింటరు హ్యాండిలు పట్టుకుని వేలాడాడట. వద్దు బాబూ అని కాళ్లావేళ్లా పడ్డాడట. ఎదురు కొట్టువాడు కళ్లారా చూశాడు. రైడరు విదిలించుకుని వెళ్లిపోతే, పెయింటరు గేటు పట్టుకుని కూలబడ్డాడట.

"అంటే వాడికీ మీ పనిమీద నమ్మకం లేదన్నమాటేగా?"

నత్త ఆయనవైపు మెల్లిగా తిరిగాడు. ఇది ముందెందుకు చెప్పలేదని అడిగాడు. మీరు అడగలేదన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మేస్త్రీ, కస్టమరు తన బండి తను తీసుకుపోతుంటే మీవాడు ఎందుకు ఆపాలి?"

మా షెడ్డులో అది కట్టుబాటు, అన్నాడు మేస్త్రి. ఫోర్కు ముట్టుకున్న బండిని కస్టమరుకి ముందు ఇవ్వరు. ఎవరు బిగించారో వాళ్లే మొదటి సవారీ చెయ్యాలి. తప్పు చేస్తే తన ఎముకలే విరగాలి, ఎదుటివాడివి కాదు. తనకి పని నేర్పినాయన పెట్టిన పద్ధతి అది. ఆ రోజు పిల్ల రావడం కాస్త ఆలస్యమైంది, రైడరు ఆగలేకపోయాడు.

"కట్టుబాటు కోసమైతే ఒకసారి వద్దంటారు," అన్నాడు నత్త. "వినకపోతే నీ ఖర్మ అంటారు. కాళ్లమీద పడరు. బండి ఎక్కితే చచ్చిపోతాడని తెలిసినవాడే కాళ్లమీద పడతాడు."

మేస్త్రి మొహంలోంచి నెత్తురు దిగిపోయింది. నత్త ఇక విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ఎందుకు అన్న ప్రశ్న తప్పు మనిషి గురించి వేసుకుంటూ వచ్చాడు తను. రైడరు చావు ఎవరికీ అక్కర్లేదు. ఆ రాడ్లు రైడరుకోసం లాగిపెట్టినవి కావు. మొదటి సవారీ చేసేవాళ్లకోసం. నెంబరు గీకేసిన ఫ్రేము సంగతి స్టేషనులో చెప్తానన్న మేనకోడలికోసం.

ఫ్రేము గురించి నత్త రెండు ముక్కల్లో చెప్పాడు. ఇన్‌స్పెక్టరు నోట్లో అగ్గిపుల్ల కింద పడిపోయింది. మేస్త్రి మాత్రం ఒకటే అడిగాడు. పిల్ల ఇప్పుడు ఎక్కడుంది?

నత్త ఫోను తీసి నొక్కాడు. అవతల చాలాసేపు మోగింది. ఎత్తింది ఆమె కాదు.

"ఆ, చెప్పండి బాబుగారూ," అంది పెయింటరు గొంతు. వెన్నలాంటి గొంతే. "పిల్ల ఫోను ఇక్కడే పెట్టేసి వెళ్లింది. స్టాండు మీదున్న ఆఖరి బండి అయిపోయింది. ఇంటికెళ్లి ఓ ముద్ద తినొచ్చి మొదటి సవారీకి ఇప్పుడే బయల్దేరింది."

"నువ్వు ఆపలేదా?"

అవతల ఊపిరి వినిపించింది.

"ఎందుకు ఆపాలండీ? బిగించింది తనేగా," అని ఫోను పెట్టేశాడు.

ఇన్‌స్పెక్టరు అప్పటికే లేచాడు. జీపు తాళాలు వెతుక్కుంటూ, ఎటు వెళ్తుంది, ఎక్కడ ఆపాలి అని మేస్త్రిని అడిగాడు. ఆయన గొంతులో వెటకారం లేకపోవడం నత్త వినడం అదే మొదటిసారి.

"వంతెన దిగువకి," అన్నాడు మేస్త్రి. విరిగిన వేలు సంగతి మరిచి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని లేచాడు. "ఫోర్కు పని చేస్తే అక్కడ గతుకులో బ్రేకు గట్టిగా పట్టి చూడాలి బాబూ. అదే మా పరీక్ష. దానికి నేనే నేర్పాను."